నాలుగో కిలోమీటరు

మొగల్తూరు పెద్దింట్లు గారు
బండి చుట్టూ నన్ను రెండుసార్లు తిప్పారు,
కుడిపక్కకి వచ్చేసరికి మాత్రం
ఎండగా ఉందండి, ఇటు రండి, అన్నారు.

తెల్ల ఓమ్ని. పద్నాలుగేళ్ళది. గ్యాస్‌ది.
తలుపు జరపగానే ఏదో కంపు.
"గ్యాస్ కారుతోందేమోనండీ?"
"ఆయ్, రొయ్యల మేతండి. కడిగితే పోద్ది."

లేసు మూటలు ఎక్కించడానికి
పక్కకి జరిగే తలుపు చాలనుకున్నాను.
డెబ్బై రెండన్నారు, అరవై ఒకటికి దిగారు.
సి-బుక్కులో గ్యాస్ అన్న మాట ఉంది,
ట్యాంకు మీద పరీక్ష తేదీ
కొత్త రంగు కింద ఎక్కడో ఉంది.
ఆ సంతోషంలో స్టెప్నీ సంగతి అడగలేదు.
లేదు.

పెట్రోలు మీద పొద్దున్నే లేచేది, మంచి పిల్లలా.
స్విచ్చి గ్యాస్‌కి నొక్కితే చిన్నగా తుమ్మి ఒప్పుకునేది.
నరసాపురం దాటి, కాలవ పక్కన,
సరిగ్గా నాలుగో కిలోమీటరు దగ్గర
ఎవరో గుర్తొచ్చినట్టు ఆగిపోయేది.
పావుగంట ఊరుకుంటే
ఏమీ ఎరగనట్టు మళ్ళీ బయల్దేరేది.

టీ కొట్టు దగ్గర ఆరుగురు, ఏడు రోగాలు.
ప్లగ్గులన్నారు, మార్చాను.
ఫిల్టరన్నారు, మార్చాను.
దిష్టన్నారు. నిమ్మకాయలూ నలిగాయి.
గ్యాస్ పోయించాలంటే భీమవరం,
వెళ్ళి వచ్చేసరికి ముల్లు సగానికి.
వంటింటి సిలిండర్ నుంచి ఎక్కించేస్తానక్కా అన్నాడొక కుర్రాడు.
వాడికి కనుబొమ్మల్లేవు.
వద్దన్నాను.

చివరికి ఇజ్రాయేలు.
పానా అడగలేదు, సబ్బునీళ్ళు అడిగాడు.
పాత గడ్డం బ్రష్షుతో
పైపు పొడుగునా, అతుకు అతుక్కీ
పసిబిడ్డకి పూసినట్టు నురగ పూశాడు.
ఒకచోట బుడగ లేచింది.
పగిలి, మళ్ళీ లేచింది.
"ఇదిగోనండి, మీ రొయ్యల మేత."
పానాతో ముప్పావు తిప్పు.

"పదండి, అది ఆగే చోటికి పోదాం."

ఆగింది.
ముందు సీటు ఎత్తాడు.
రోహిణి కార్తె, మిట్టమధ్యాహ్నం,
తారు కరిగి చెప్పుకి అంటుకుంటుంటే
ఇంజను పక్కన గిన్నెంత ఇనుప డబ్బా
తెల్లగా మంచు కట్టి ఉంది.

ఇరవై ఏళ్ళుగా లేసు కొంటున్నదాన్ని.
ఏ ఊరి చెయ్యో, ఏ పడుచుదో, ఏ ముసలిదో
ముడి చూసి చెబుతాను.
దీని ముడి దొరకలేదు.
వేలు పెట్టాను, చురుక్కుమంది.
తీసేలోగా అల్లిక నీరైపోయింది.

"గ్యాస్ ఆవిరవ్వాలంటే వేడి కావాలండి.
ఇంజను తిరిగిన నీళ్ళు దీని చుట్టూ తిరగాలి.
రావట్లేదు. చలికి బిగుసుకుపోతోంది పాపం."
గొట్టం లాగి గట్టు రాయికేసి కొట్టాడు.
రెండో దెబ్బకి పడింది,
బొటనవేలంత, నల్లగా, మెత్తగా,
ఒండ్రు.

చెరువు గట్టు మీద రేడియేటర్ ఎండితే
పెద్దింట్లు గారు కాలవ నీళ్ళే పోశారు.
దగ్గర్లో ఉన్నవి అవే మరి.
వాసన చూశాను. మేత కాదు,
లాకులెత్తిన మొదటిరోజు కాలవ వాసన.
ఏ కొండలు కడిగి తెచ్చిందో,
ఇన్ని ఊళ్ళు పరిచి, నా ఇల్లూ పరిచి,
మిగిలింది ఈ గొట్టంలో పరుస్తోంది.
ఇజ్రాయేలు చేతులు తుడుచుకుని
ఎనిమిది వందల యాభై అన్నాడు.

రాత్రి ఫోన్ చేశాను,
నాలుగు తిట్లు సిద్ధం చేసుకుని.
"నాలుగో కిలోమీటరు కదండీ? నాకు తెల్సు.
మా దారిలో సరిగ్గా అక్కడ
అల్లం టీ బాగుండేదండి."
తిట్లలో ఒకటి కూడా గుర్తురాలేదు.

ఇప్పుడు బండి ఆగదు.
మూటలేసుకుని పోతుంటే, కాలవ పక్కన,
ఆ చోటు రాగానే
నా కాలే కాస్త పైకి లేస్తుంది.