పుదుపేటలో హెరాల్డ్

డైనమో తీసి ఆల్టర్నేటర్ బిగించమన్నాను,
అంతే పని.
బెల్టు వదులు చేస్తూ ఆగాడు కణ్ణియప్పన్,
వాసన పట్టాడు.
"ముందు పంపు సంగతి చూడాలమ్మా."

విప్పిన డయాఫ్రమ్‌ని ఎండకెత్తితే
సూదిమొనంత వెలుగు
అతని రెప్ప మీద పడింది.
ఇన్నాళ్లూ ఇంజిన్ ఆయిల్లోకి పెట్రోలు జారుతోందట.
నేనేమో బంకువాణ్ణి అనుమానించాను.

పాత గాస్కెట్ గోకీ గోకీ
బ్లేడు మొండిబారింది.
కొత్త పంపు మీటని వేలితో నొక్కుతుంటే
గాజుగిన్నెలోకి
ఒక్కో గుటకా ఎక్కింది పెట్రోలు,
జ్వరం దిగిన పిల్ల
నీళ్లు తాగినట్టు.

చీకటిపడ్డాక కూవం వంతెన మీద
లైట్లు వేశాను.
ఎదురొచ్చే ఆటోవాడు
కళ్లకి చెయ్యడ్డం పెట్టుకుని
అరవంలో తిట్టాడు.

ముప్ఫై ఏళ్లలో
ఈ దీపాల్ని ఎవరైనా తిట్టడం
ఇదే మొదలు.
కాస్త ఆలస్యంగానే
డిమ్ చేశాను.