దేనికెదురుగా

"మేడమ్, లొకేషను తిప్పి తిప్పి హార్బరు గోడ దగ్గరికే తెస్తోంది.
ఏదైనా గుర్తు చెప్పండి."

నోటికొచ్చింది చెప్పేశాను:
డిక్రూజ్ బేకరీ దాటాక, ఐసు ఫ్యాక్టరీకి ఎదురు సందు.

ఫోన్లో కాసేపు బండి చప్పుడు.
"అలాటివేవీ ఇక్కడ లేవండి."

లేవు.
ఐసు ఫ్యాక్టరీ కూల్చి పంతొమ్మిదేళ్ళు.
ఇప్పుడది స్కానింగ్ సెంటరు,
లోపల చలి మాత్రం అలాగే ఉందంటారు.

తెల్లారకముందే జాలరిపేట ఆడవాళ్ళు గంపల్తో వచ్చేవారు.
ఊకలో పొర్లిన ఐసు దిమ్మల్ని కొక్కేలతో ఈడ్చుకుపోతుంటే
వేలంపేట రోడ్డు మీద తడి చార ఒకటి
కురుపాం మార్కెట్టు దాకా సాగేది.
ఆ చార మీద చెప్పులు చేత పట్టుకుని బడికెళ్ళాం,
నేనూ, ఫిలోమినా.
పగిలిన ముక్క దొరికితే వంతులేసుకుని చప్పరించేవాళ్ళం,
చేపల వాసన వస్తున్నా సరే.

ఖలీల్ సాయిబు కొట్లో ఇరవై గడియారాలు, ఇరవై టైములు.
ఏది నిజమని అడిగితే
"ఆగమ్మా, ఓడ కూస్తాది" అనేవాడు.
ఇప్పుడదే బల్ల మీద మనవడు
పగిలిన ఫోన్లకి అద్దాలు అతికిస్తున్నాడు.
కంటికి తాత భూతద్దమే.

మూల మీద ఏడడుగుల గది.
నాకు తెలిసి మొదట కిరసనాయిలు డిపో.
తర్వాత క్యాసెట్లు. తర్వాత ఎస్టీడీ బూతు:
రాత్రి తొమ్మిది దాటితే సగం రేటని
బొంబాయి రేవులో మొగుళ్ళున్న ఆడవాళ్ళు
బెంచీ మీద వరసగా కూర్చునేవారు.
అద్దం వెనక వాళ్ళ పెదాలు చూసి
ఎవరికి డబ్బు అందిందో మేం పందేలు కాసేవాళ్ళం.
తర్వాత జిరాక్సు. ఇప్పుడు బిర్యానీ పాయింటు.
గోడకి మూడు రంగులు మారినా
అప్పుడెవరో ఇంకుతో రాసుకున్న ఐదంకెల నంబర్లు
పొయ్యి వేడికి మళ్ళీ పైకి తేలుతుంటాయి.

అన్నీ బెంగపడాల్సినవి కావు.
ఆరేసిన తెల్లచీర సాయంత్రానికల్లా
ఓడలకెక్కించే ఖనిజం ధూళికి ఇటికరంగు తేలేది.
సన్యాసప్పడి టీ కొట్లో
రెల్లివీధి వాళ్ళ గ్లాసు వేరే, బయట చూరులో దోపి ఉండేది.
ఆ చూరు పోయింది. పోనీ.
ఆ గ్లాసు గురించి మా ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు.
నేనూ మాట్లాడలేదు.
ఆ టీ భలే ఉండేదని మాత్రం ఇప్పటికీ చెప్పుకుంటాం.

డిక్రూజ్ బేకరీ రేకు బోర్డు
హుద్‌హుద్ నాడు ఎగిరొచ్చి మా డాబా మీద పడింది.
తిరిగిచ్చేద్దామని వెళ్తే షట్టరు దించి ఉంది,
ఎటెళ్ళారో ఎవరికీ తెలీదు.
నీళ్ళ ట్యాంకు మూత పగిలాక దాన్నే కప్పాను.
కేకులూ రస్కులూ ఎండకి వెలిసిపోయాయి.
"ఆర్డర్లు తీసుకొనబడును" ఒక్కటే మిగిలింది.

నాన్న ఎవరికి దారి చెప్పినా
"గుర్రబ్బళ్ళ స్టాండు దగ్గర దిగండి" అనేవాడు.
నేనొక్క గుర్రాన్నీ చూళ్ళేదు.
చాన్నాళ్ళు ఆ కరెంటు స్తంభం పేరే అదనుకున్నాను.
నాయనమ్మైతే రైల్వే గోడౌన్ల వైపు చెయ్యి చాపి
"ఉప్పుటేరు కాడ" అనేది.
నీళ్ళేవీ అంటే నవ్వేది,
"ఉన్నాయే గుంటా, కిందున్నాయి."

మళ్ళీ ఫోను.
"మేడమ్, స్కానింగ్ సెంటర్ కాడున్నాను."
అదే బాబూ, ఐసు ఫ్యాక్టరీ.

వచ్చాడు. వీపంతా చెమట.
పేరు తవిటినాయుడట, పలాస పక్కన ఊరట,
ఈ ఊరొచ్చి నాలుగు నెల్లట.
ఇడ్లీ చల్లారిపోయింది. ఏమీ అనలేదు.
చెంబుడు నీళ్ళిచ్చాను.

మెట్లు దిగుతూ ఎవడితోనో అంటున్నాడు:
"ఇక్కడేరా. ఐసు ఫ్యాక్టరీ ఎదురు సందుల.
ఏ ఫ్యాక్టరీ ఏటి?
ఐసు ఫ్యాక్టరీరా, తెల్దా నీకు?"