ఏడో క్లిప్పు

ఆటోనగర్‌లో లేతు మిషన్లు
అన్నానికి ఆగిన వేళ
వీరాచారి సైకిల్ దిగి
నాలుగు చెక్కలు నా బల్ల మీద పరిచాడు.
పాత అంబాసిడర్‌కి
నాలుగు తలుపుల లోపలి పలకలు.
"ప్లైవుడ్ చాలన్నాను గదయ్యా, పైన రెక్సిన్ వేస్తాంగా."
"టేకు ముక్క మిగిలింది" అన్నాడు,
అదేదో తప్పు చేసినట్టు.

చెయ్యి వేసి చూశాను.
ఇప్పుడే మంగలి కుర్చీ దిగిన పెళ్లికొడుకు చెంప.
ఆ చారలు, గేట్లు మూసేశాక
బ్యారేజీ కింద ఇసుక మీద
నీళ్లు గీసి వదిలేసిన గీతలు.
వాటిని కప్పెట్టడానికే
నాకు కూలి ఇస్తున్నారు.

బండి రత్నావళి మేడం గారిది.
పటమటలో డ్రైవింగు స్కూలు.
"మెరూన్ రంగు వెయ్యి కరీముల్లా,
నేర్చుకునేవాళ్లు భయంతో తలుపు పట్టుకుంటారు,
ఆ చెమట తుడిస్తే పోవాలి" అంది.
లోపల టేకో తుక్కో ఆమె అడగలేదు.
నేనూ చెప్పలేదు.

ముందు అంచులు చంపాను ఉప్పుకాగితంతో.
చెక్క ఎంత మంచిదైనా
అంచు పదునుగా ఉంటే
ఆరు నెలల్లో రెక్సిన్ని కొరికేస్తుంది.
పొడి తుడిచి, బంక రాశాను,
చెక్క ముఖానికీ, రెక్సిన్ వీపుకీ.
రాసి ఆగాలి.
ఈ పనిలో కష్టమంతా ఆగటంలోనే.
గోరు వెనక ఆనిస్తే
పట్టుకోబోయి వదిలెయ్యాలి. అదీ అదను.
రోహిణి కార్తెలో బెజవాడలో
బ్రష్షు డబ్బాలోకి తిరిగి వెళ్లేలోపే
ఆ అదను దాటిపోతుంది.
ముసురు పట్టిందా, ఎంతకీ రాదు.
మా సుభానీ ఫోన్లో నిమిషాలు పెట్టుకుంటాడు.
నేను గోరుని నమ్ముకుంటాను.
ఇద్దరం తప్పుతూనే ఉంటాం.

నడుమ నుంచి అంచులకి, అరచేత్తో,
గాలిని బయటికి తోలుకుంటూ.
మూలల దగ్గర కిళ్లీ కొట్టువాడి మడత.
అద్దం తిప్పే హ్యాండిల్ కన్నం ఆఖర్న కొయ్యాలిరా,
ముందే కోస్తే లాగినప్పుడు నోరు సాగిపోద్ది.
సుభానీ తలూపుతాడు,
ముందే కోసేశాడని ఆ ఊపులోనే తెలుస్తుంది.

అప్పుడు, కొలతకి అక్కరకొస్తుందని
ఊడదీసిన పాత అట్టని తిరగేశాను.
చెదలు తిన్న మూలన పెన్సిలు రాత.
నా అక్షరాలే.
"క్లిప్పులు ఏడు రాశాను. ఆరే పెట్టా."

పద్దెనిమిదేళ్ల కిందట ఎప్పుడో.
ఒక్క క్లిప్పు, రూపాయిన్నర.
ఆకలో, బద్ధకమో, ఆ సాయంత్రం గుర్తు లేదు.
అప్పటి ఓనరెవరో కూడా గుర్తు లేదు.
గతుకు వచ్చినప్పుడల్లా
ఎడమ తలుపులో ఆ టకటక
ఎన్నేళ్లు విన్నాడో మహానుభావుడు,
ఇంజనని బోల్టులని
ఎంతమందికి చూపించుకున్నాడో,
ఎవరికి డబ్బులిచ్చాడో.

సుభానీ చదువుతాడేమోనని
అట్టని సీట్ల స్పాంజి కిందికి తోశాను.
కాసేపటికి మళ్లీ నేనే బయటికి లాగి
వాడి చేతిలో పెట్టాను.
చదివాడు. నవ్వలేదు.
క్లిప్పుల డబ్బా తెచ్చి బల్ల మీద
పైకే లెక్కపెట్టాడు,
ఒకటి నుంచి.

టేకు వెనకవైపు వీరాచారి గుండ్రటి రాత:
"ముందు ఎడమ."
దాని కింద నేను "ఏడు" అని రాశాను.
పక్కన సుభానీ సంతకం పెట్టాడు,
కోర్టు కాగితం మీద సాక్షిలా.

చీకటి పడ్డాక వీరాచారి వచ్చాడు.
మెరూన్ తలుపు ముందు కాసేపు నిలబడ్డాడు.
రంగు బాగుందనలేదు, బాలేదనలేదు.
వేలి కణుపుతో రెండు సార్లు కొట్టి
చెవి దగ్గరపెట్టి విన్నాడు.
"ఊఁ" అన్నాడు.
తర్వాత టీ చెప్పమన్నాడు,
పంచదార తక్కువ.