పద్నాలుగో క్లాజు

పీణ్యా రెండో స్టేజీలో మా షెడ్డు.
సిలిండర్లు గోడవార నిలబడి ఉండేవి,
రేషన్ క్యూలో మగాళ్లలా, భుజానికి భుజం ఆనించి.
ఏప్రిల్ చివర్లో ముజీబ్ సాబు లారీ వచ్చి
నిండువీ తీసుకుపోయింది, ఖాళీవీ తీసుకుపోయింది.
ఆర్డరొచ్చింది అన్నా, అన్నాడు,
గాలంతా ఇక ఆసుపత్రులకేనంట.
కాదనడానికి నాకు నోరు రాలేదు.
ఊపిరాడని మనిషి ముక్కు దగ్గర్నుంచి లాక్కొచ్చి
ఇనుము కోసుకుంటానని ఎవడంటాడు?

కానీ కాగితం ఒకటుంది.
హెన్నూరు దగ్గర పదకొండంతస్తుల టవరుకి
రెయిలింగులు, గేట్లు, మెట్ల గ్రిల్లులు.
ఆలస్యమైతే రోజుకు నాలుగు వేలు.
సంతకం పెట్టిన రోజు కాఫీ ఇచ్చారు.
చల్లారిపోతుందని
పద్నాలుగో క్లాజు చదవలేదు నేను.

చదివింది మా వకీలు నాగవేణి,
ఒక్కో మాట మీదా గోరు ఆనించి, మాస్కు లోపల్నుంచి:
యుద్ధం, వరద, భూకంపం,
దైవఘటన, ప్రభుత్వ ఉత్తర్వు.
దేవుడికీ సర్కారుకీ మధ్య ఒక్క కామా.

ఉత్తర్వు గ్యాసు కంపెనీకి వచ్చింది, మీకు రాలేదు,
అన్నాడు అవతలి ప్లీడరు.
గాలి లేకపోతే రంపం ఉంది, కరెంటు ఉంది.
కష్టం వేరు, అసాధ్యం వేరు.
నిజమే.
చట్టం ఆ రెంటికీ నడుమ గోడ కట్టుకుంది.
మేం రెండింటినీ ఒకే గదిలో పెట్టుకుని కాపురం చేస్తాం.
పన్నెండు మిల్లీమీటర్ల ప్లేటు రంపంతో కోసి చూశాను.
ఒక పూట, మూడు బ్లేడ్లు, అరచేయంత ముక్క.

ఆ ముక్కనే సంచీలో వేసుకుని
కన్నింగ్‌హామ్ రోడ్డుకి పోయాను, సాక్ష్యమని.
రిటైరైన జడ్జిగారు చేత్తో తూచి చూశారు.
ఫ్యానుకి ఎగురుతున్న కాగితాల మీద పెట్టుకున్నారు.
విచారణ అయ్యేదాకా అది అక్కడే ఉంది.

తీర్పు అన్యాయమని అనను.
ఉత్తర్వు ఉన్న నలభై మూడు రోజులూ మాఫీ.
ఎత్తేశాక పని మొదలుకాని
తొమ్మిది రోజులకు మాత్రం ముప్పై ఆరు వేలు.
అప్పుడు గాలి ఉంది కదా, అని రాశారు.

గాలి ఉంది. టార్చి పట్టే చెయ్యి లేదు.
ఓబులేసు చెయ్యి అది,
సుద్దగీత లేకుండానే సూటిగా పోయేది.
సిలిండర్లు తిరిగి దిగిన పొద్దునే ఫోను,
చిన్నక్క పోయింది అన్నా, అని.
పెండ్లాం పేరు వాడి నోట వినడం అదే మొదలు.
ఆఖరి రాత్రి ఆమె మంచం పక్కన
వాల్వు కింద సొట్టపడ్డ సిలిండరు చూశాడంట.
ఆ సొట్ట మా షెడ్డులో పడింది.
కింద పడేసింది వాడే, తిట్టింది నేనే.

ఇది చెబుదామా, అని అడిగింది నాగవేణి.
మళ్ళీ తనే అంది,
కాంట్రాక్టులో ఓబులేసు పేరు ఎక్కడా లేదు.
సావుకి క్లాజు ఉంటుంది,
సంతకం పెట్టినవాడి సావైతే.
చెప్పలేదు.

కదిరి పక్కన వాళ్ల పల్లె. పదకొండో నాడు పెద్దకర్మ.
తొమ్మిదో నాటి రాత్రి నేను ఫోను చేశాను.
ఏమన్నానో గుర్తుంది. రాయను.
పదో నాడు తెల్లారేసరికి షెడ్డు ముందు ఉన్నాడు,
రాత్రి బస్సు దుమ్ముతో.
నా మొహం చూడకుండా రెగ్యులేటరు బిగించాడు,
నీలిమంట సన్నం చేశాడు,
గీత తప్పలేదు.

ముప్పై ఆరు వేలకు చెక్కు రాసిచ్చాను.
లెక్కకి నలభై నాలుగు కావలసింది.
మిగిలిన ఆ ఎనిమిది వేలు
షెడ్డులో ఎక్కడ పెట్టినా
కనబడుతూనే ఉంది.