సున్నం లేని నీళ్లు

రెన్ నగరంలో మార్చి వాన.
ఆస్పత్రి వెనక గుమ్మంలోంచి
ఐసు డబ్బాలో వస్తుంది ముక్క,
అరచేతిలో సగం, మేక కార్జం రంగు.
పేరు రాయరు. నలభై ఒకటో నంబరు.
వయసు అరవై ఏడు. అంతే.

ఎంజైమ్ పోస్తాం. గోరువెచ్చగా, తొందర లేకుండా
అది అతుకులన్నీ తినేస్తుంది.
ఇన్నేళ్లూ భుజం భుజం రాసుకుని బతికిన కణాలు
ఊడిపోయి, గుండ్రంగా,
నానిన సగ్గుబియ్యంలా తేలతాయి.

"ఒంటరిగా ఉంచి చూడు" అంటుంది నోల్వెన్.
ముప్పై ఏళ్లుగా కాలేయాన్ని పెంచుతున్న మనిషి;
ఇంట్లో ఒక్క జెరేనియం బతకదు.
మూడు రోజుల్లో పని మరిచిపోతాయట:
మందుల్ని విరవడం, అల్బుమిన్ చేయడం,
ఎటు నెత్తురు వైపో, ఎటు పసరు వైపో.
బతికే ఉంటాయి.
కాలేయం మాత్రం కాదు.

అందుకే కింద ఒక కొలాజెన్ పొర, పైన ఒకటి.
మధ్యలో ఇరుకు.
ఇరుకే కావాలి వాటికి.

ఐదో రోజు ఆదివారం.
సంతలో గాలెట్లు కాలిన వాసన నా కోటు నిండా.
రంగు వేసి మైక్రోస్కోపు కింద పెట్టాను.
ఆకుపచ్చ గీతలు!
కణంలో కాదు, కణానికీ కణానికీ నడుమ.
గెట్టు కోసం తలలు పగలగొట్టుకున్న
అన్నదమ్ముల్ని ఎరుగుదును, మా ఊళ్లోనే.
ఇక్కడ గెట్టే కాలువైంది.
సగం ఒడ్డు దీనిది, సగం దానిది,
అంచులు కుట్టినట్టు బిగించుకుని
నెత్తుటి వైపు చుక్క జారనీయకుండా
పసరు పారిస్తున్నాయి.
దారి చివర తిత్తి లేదని
వాటికి ఎవరూ చెప్పలేదు.

"ఎంత దాచాయో కొలుద్దాం."
నోల్వెన్ సీసా అందించింది.
సున్నం లేని నీళ్లు. పది నిమిషాలు.
సున్నం లేకపోతే పట్టుకున్న చేయి నిలవదు;
చేయి వదిలితేనే లెక్క తేలుతుంది.
ఆ లెక్కే రేపు ఎవరి మాత్రనో ఆపుతుంది, లేదా పంపుతుంది.
తెలుసు నాకు. అయినా పిపెట్ పట్టుకుని
కాసేపు కిటికీలోకి చూశాను.
వీధి అవతల పాత కర్రల ఇళ్లు
ఒకదాని మీద ఒకటి ఒరిగి,
ఒకటి పీకితే రెండోది కూలేట్టు.

పోశాను.
ఆకుపచ్చ సన్నగా విడివడి నీళ్లలోకి వచ్చింది.
అంకె రాసుకుంది నోల్వెన్.
పళ్లెం ఇక చెత్తబుట్టకే.
అయినా ఆవిడ, నాకేసి చూడకుండా,
మామూలు ద్రవం తీసి పోసింది,
సున్నం ఉన్నది.