బుగ్గన చక్కెర

ఎర్జురుమ్‌లో మేం టీలో చక్కెర కలపం.
గడ్డ కొరికి బుగ్గన పెట్టుకుని
దాని మీదుగా వేడి టీని పోనిస్తాం.
నా ఎడమ దవడలో ఒక పన్ను
ఆ గడ్డకి పీట వేసి వేసి
యాభై రెండేళ్ళకి అరిగిపోయింది.

"ఇక చాలు" అంది డాక్టరమ్మ,
కాగితం మీద ఒక అంకె చుట్టూ ఎర్రగా గీసి.
వయసు మా మనవరాలంత.
"రేపట్నుంచి మానేస్తా" అన్నాను
రోషంగా.

రేపు వచ్చింది.
మధ్యాహ్నం దాకా నిలబడ్డాను.
మెదిహా దోసకాయ ముక్కలు కోసి పెట్టింది,
నా ముందు తను కూడా ఉత్త టీ తాగింది.
ఐదో గ్లాసు దగ్గర
నా చెయ్యి నన్నడక్కుండానే
డబ్బా మూత తీసింది.

ఆ రాత్రి డబ్బాని బొగ్గుల గదిలో దాచాను.
తెల్లవారుజామున మూడింటికి, చెప్పుల్లేకుండా,
బొగ్గుల గదికి నాకు నేనే దారి చూపించుకున్నాను.

వారమంతా నన్ను నేను తిట్టుకున్నాను,
మా స్టేషను మాస్టరు కూడా ఎరగని తిట్లు.
తిట్టి తిట్టి నోరు చేదెక్కింది.
నోటి చేదు పోవాలంటే ఏం కావాలో
మీకు నేను చెప్పాలా?

పెద్ద మంచు పడ్డ రోజు
దుప్పటి ముసుగులో పడుకుని ఉన్నాను.
హసన్‌కలె వైపు నుంచి ఒక సరుకు బండి
ఊరు చేరడానికి ఎంతో ముందే
మెల్లగా వేగం తగ్గించుకుంటోంది.
చెవికి తెలిసింది, మనసుకి తరవాత తెలిసింది.

ఇరవై తొమ్మిదేళ్ళు ఇంజను నడిపినవాణ్ణి.
ఇనుప రాయి నింపిన నలభై పెట్టెల ముందు
నన్ను మొదటిసారి కూర్చోబెట్టి
జెవ్‌దెత్ ఉస్తా అన్నాడు:
"అబ్బాయ్, ఇది నీ మాట వింటుంది.
ఇప్పుడు కాదు. కిలోమీటరు అవతల వింటుంది.
ఒక్కసారే బిగించావా, చక్రాలాగుతాయి, బండి ఆగదు.
పట్టా మీద జారి జారి చక్రం ఒకపక్క చదునవుతుంది.
ఇక బతికినన్నాళ్ళూ టకటకమంటుంది.
కొంచెం పట్టు. వదులు.
మళ్ళీ కొంచెం."

వేల టన్నుల ఇనుముకి ఓపిక పట్టాను.
ఎనభై మూడు కిలోల ముసలాడికి
పట్టలేకపోయానే!

లేచి, డబ్బాని బొగ్గుల గదిలోంచి తెచ్చి
అందరూ చూసే అల్మారాలో పెట్టాను.
మా నాన్న పటకారు వెతికి
గడ్డని సగం చేశాను.
చలి ముదిరేసరికి సగంలో సగం.
తరవాత కందిగింజంత.

ఫిబ్రవరిలో తమ్ముడి వియ్యంకుడు పోయాడు.
చావింట్లో హల్వా వద్దనడానికి నోరు రాలేదు.
హల్వాతో ఆగానా అంటే
అదీ లేదు, మూడు గడ్డలు,
మూడూ మా నాన్న కాలం నాటి సైజువి.
ఇంటికొస్తూ మంచులో నడుస్తూ
తిట్టు ఒకటి నాలుక చివరిదాకా వచ్చింది.
వాలు దిగేటప్పుడు
బండి కాస్త జారదూ, అన్నాను దానితో.
అది నమ్మిందో లేదో తెలీదు గానీ
ఊరుకుంది.

ఇవాళ పొద్దున మొదటి గ్లాసు ఉత్తదే తాగాను.
బుగ్గ మాత్రం పాత అలవాటున
కాస్త ఉబ్బి, చోటు చేసి,
రాని చుట్టానికి పీట వాల్చి కూర్చుంది.
ఉండనీ, పాపం.
టీకి ఒక వాసన ఉందని,
పొగలాగా, ఎండిన గడ్డిలాగా ఉంటుందని
ఈ వయసులో తెలిసింది.

రెండో గ్లాసుకి పెసరగింజంత.

మెదిహా చూసింది. చూసి, ఏమీ అనకుండా
కెటిల్లో నీళ్ళు పోసుకుంది.
ఇంజను డ్రైవరు పెళ్ళాం.
టైంటేబుల్ని నమ్మి
ఏనాడూ పొయ్యి వెలిగించిన మనిషి కాదు.