తెలివి: అయిదు

మూడు పాచికలేస్తే
మూడు, ఒకటి, ఒకటి.
తెలివి అయిదు.
బలం మాత్రం పద్దెనిమిది,
ఎడ్లు కూలబడ్డంక బండి గుంజేటంత.
పేరు గుట్ట మొండయ్య అని రాసుకున్న.
పెన్సిల్‌తోని రాసుకున్న, తర్వాత మార్చుకోవచ్చులే అని.

సోహార్‌ల, మందుల షాపు మీది అంతస్తు.
బేస్తారం రాత్రి. కారే ఏసీ కింద బొక్కెన.
సుగుణాకర్ కథ నడుపుతడు.
ఎస్తేరు రాణి, దవాఖాన డ్యూటీ దిగి యూనిఫారం మీదనే, మంత్రగత్తె.
యాకూబ్ పాషా దొంగ. నవ్వుకుంట తాళాలు తీస్తడు.
నేల మీద పరిచిన పటం నేను తెచ్చిందే:
సైట్‌ల రద్దయిన డ్రాయింగు,
ఎర్ర ముద్ర కిందికి, తెల్లటి వెనకదిక్కు పైకి.
మురికి కాలువ వీపు మీద మా గుహలు.

మొదటి వారం మొండయ్యను మస్తు ఆడించిన.
నోరు వంకర పెట్టిన, మాట సాగదీసిన,
"నాకు... కొట్టుడు... ఎరుక" అన్న.
ఎస్తేరు రాణి చాయ్ పొలమారేదాక నవ్వింది.
యాకూబ్ నవ్వలేదు.
పాచికను అరచేతుల తిప్పుకుంట అన్నడు:
"ఫోర్‌మన్ ముందట నా గొంతు గిట్లనే ఉంటదే."

గంతే. ఆ గొంతు మళ్ళ తియ్యలేదు.

నిజమే. వారమంత మేం ఆడేది గిదే ఆట, పాచికలు లేకుంట.
సగం హిందీ, పావు అరబ్బీ, మిగిలింది తలూపుడు.
ఊర్ల సర్పంచుకు చెమటలు పట్టించిన నోరు
ఇక్కడ మూడు మాటలకు పడిపోయింది:
అచ్ఛా సార్, సారీ సార్, మాలూం నహీ సార్.

అప్పటి సంది మొండయ్యను మెల్లగ నేర్చుకున్న.
వానికి ఒకపారి ఒక్కటే కనిపిస్తది.
మెట్టు ఉంటే మెట్టు. ఆకలైతే ఆకలి.
ఎదుటోడు దోస్తు అంటే దోస్తే.
వాడు అబద్ధమాడడు,
అబద్ధానికి రెండు కథలు యాదికుండాలె.

నాలుగో వారం రాతి తలుపు అడిగింది:
"పొద్దంత కాళ్ళకాడ పడి ఉంట,
దీపం పెడితే గోడెక్కుత. నేనెవల్ని?"

నీడ.
నాకు తెల్సు. నాలిక కొసకే ఉంది.
మొండయ్యకు తెల్వది.
ఎస్తేరు రాణి, ఇరవై గ్రంథాలు చదివిన మంత్రగత్తె, బల్లి అన్నది.
తలుపు నవ్వింది.
యాకూబ్ కండ్లతోనే నన్ను బతిమాలిండు.
పండ్ల కింద నీడను పట్టుకొని కూసున్న.
తెలిసీ నోరు మూసుకునుడు నాకు కొత్త గాదు,
భయం లేకుంట మూసుకునుడు కొత్త.

మొండయ్య తలుపు దిక్కు సూసి అడిగిండు:
"దీనికి గొళ్ళెం ఉన్నదా?"
సుగుణాకర్ కాగితాలు తిప్పిండు. మళ్ళ తిప్పిండు.
గొళ్ళెం సంగతి రాసుకోనే లేదు.
"నూకుత" అన్న.
పదిహేడు పడ్డది.

ఆదివారం. సైట్‌ల కొత్త కాలువ.
మూడు వారాల సంది సూస్తనే ఉన్న,
కాగితం మీద నీళ్ళు పోయే దిక్కు
వచ్చే దిక్కుకంటె జానెడు ఎత్తు.
ఇంజినీరు సారుది పెద్ద చదువు. నేను హెల్పర్ను.
మాలూం నహీ అని నోట్లెకు వచ్చి ఆగింది.
దాని వెనకనుంచి మొండయ్య, నిమ్మలంగ,
"సార్, ఇధర్ పానీ ఊపర్ చడ్‌తా?"
ఈ దేశంల నీళ్ళు పైకెక్కుతయా అని.

సారు నవ్విండు.
పక్కోళ్ళను పిలిచి, చెప్పి, మళ్ళ నవ్విండు.
నవ్వు సగంల ఉండంగనే కాగితం విప్పిండు.

నన్నేం అనలేదు. మంగళారం కొత్త డ్రాయింగు వచ్చింది.
పాతదాని మీద ఎర్ర ముద్ర గుద్ది
పారేసి రమ్మని నాకే ఇచ్చిన్రు.

బేస్తారం దాన్ని బోర్లేసి పరిచిన.
"మొండయ్య ఒక మెట్టెక్కిండు, ఏదన్న ఒక అంకె పెంచుకో"
అన్నడు సుగుణాకర్.
తెలివి కాడ రబ్బరు పెట్టిన.
కొద్దిగ రుద్దిన గూడ.
ఏం పెంచుతున్నవని యాకూబ్ మెడ సాపి సూసిండు.

మాసిన అయిదు మీదనే
మళ్ళ అయిదు దిద్దిన,
ఈసారి పెన్నుతోని.